ప్రయాణంలో ఛార్జింగ్, గాడ్జెట్ల జాగ్రత్త: చెన్నై తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరికి బయల్దేరే ముందు రాత్రి పుట్టే సందేహాలు ఇవన్నీ. సంక్రాంతికి అవే, వేసవి సెలవులకి అవే, దసరాకీ అవే. అందుకే ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా అక్కడికే వెళ్ళి చదువుకోవచ్చు.

మొదట ఒక మాట. డబ్బా ముందువైపు పెద్ద అంకె చూసి కొన్నవాళ్ళే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. అసలు సంగతి వస్తువు వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాతో జూమ్ చేసైనా చదవండి.

## కొనేటప్పుడు

10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాను. నా ఫోన్ బ్యాటరీ 5000. రెండుసార్లు ఎక్కాలి కదా, ఒకటిన్నర సారి కూడా రావడం లేదేంటి?

మోసం కాదు, లెక్కలో తేడా. ఆ 10000 లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. బయటికి వచ్చేది 5 వోల్టులు, లేదా 9. వోల్టేజీ పెరిగితే ఎంఏహెచ్ ఆ మేరకు తగ్గుతుంది, మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. వెనక ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఇంకో అంకె ఉంటుంది చూడండి: 10000 వాటికి సుమారు 6000, 20000 వాటికి సుమారు 12000, అదీ 5 వోల్టుల దగ్గర. ఫోన్ తనలోకి ఎక్కించుకునేటప్పుడు ఇంకొంచెం పోతుంది. కాబట్టి 5000 ఫోన్‌కి 10000 బ్యాంక్‌తో దాదాపు 1.4 సార్లు, 20000తో రెండున్నర సార్లకి పైన. అంతకన్నా ఆశ పెట్టుకోవద్దు. వైర్‌లెస్‌గా వెనక అతికించే రకమైతే ఇంకా తక్కువ, వేడి ఇంకా ఎక్కువ.

22.5 వాట్ ఫాస్ట్ ఛార్జింగ్ అని రాసి ఉంది. మా ఫోన్ మాత్రం నత్తనడకే. బ్యాంక్ పాడైందా?

చాలా వరకు పాడై ఉండదు. రెండూ ఒకే భాష మాట్లాడటం లేదంతే. వన్‌ప్లస్, రియల్‌మీ, ఒప్పో, వివో ఫోన్లు వాటి సొంత పద్ధతిలో 33, 67, 80 వాట్ల దాకా వెళ్తాయి కానీ, అది వాటి ఛార్జర్, వాటి కేబుల్ రెండూ ఉన్నప్పుడే. వేరే ఛార్జర్ కనిపిస్తే అన్ని కంపెనీలకీ ఉమ్మడిగా ఉండే పీడీ (పవర్ డెలివరీ) పద్ధతికి దిగుతాయి. అక్కడ ఎంత తీసుకుంటుందో మోడల్‌ని బట్టి ఉంటుంది, కొన్ని 10 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. శాంసంగ్ 25 వాట్ ఫోన్లకి పీడీలోనే పీపీఎస్ అనే రకం కావాలి. వెనక ‘పీపీఎస్’ అని లేకపోతే మామూలు ఫాస్ట్ ఛార్జింగే వస్తుంది. ఐఫోన్‌కి పీడీ చాలు.

ఇంట్లో నాలుగు రకాల ఫోన్లుంటే పీడీ, పీపీఎస్ రెండూ ఉన్న బ్యాంక్ తీసుకోండి. వాట్ల అంకె కంటే అదే ముఖ్యం.

లాప్‌టాప్ కూడా ఎక్కేది ఏది తీసుకోవాలి?

ఔట్‌పుట్ వరసలో 20 వోల్టుల లైను ఉందా చూడండి. ‘20 వోల్టులు, 2.25 ఆంప్‌లు’ అంటే 45 వాట్లు, ‘20 వోల్టులు, 3.25 ఆంప్‌లు’ అంటే 65. ఆ లైనే లేదంటే సీ (యూఎస్‌బీ-సీ) పోర్ట్ ఉన్నా లాప్‌టాప్ కన్నెత్తి చూడదు, లేదా ‘స్లో ఛార్జర్’ అని సతాయిస్తుంది. లాప్‌టాప్ బ్యాటరీ 50 నుంచి 60 వాట్-అవర్ (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే లెక్క) అనుకుంటే, 20000 బ్యాంక్ చేతికిచ్చేది దాదాపు అంతే. అంటే ఒక్క నిండు ఛార్జ్. గుండ్రటి పిన్ను ఉండే పాత లాప్‌టాప్‌లకి సీ నుంచి ఆ పిన్నుకి మార్చే కేబుళ్ళు దొరుకుతాయి కానీ, పిన్ను సైజూ వోల్టేజీ రెండూ సరిపోవాలి. ఊహించి కొనకండి.

రిచ్చీ స్ట్రీట్‌లో 50000 ఎంఏహెచ్ ఆరువందలకి ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. మూడు పరీక్షలు పెట్టండి, కొట్టు ముందే అయిపోతాయి.

మొదటిది బరువు. నిజమైన 10000 బ్యాంక్ దాదాపు 200 గ్రాములు ఉంటుంది, 20000 అయితే 350 నుంచి 450. సెల్‌కి బరువుంటుంది, దాన్ని ఎవరూ తగ్గించి చేయలేరు. రెండోది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు: దాని కింద ‘ఆర్’ అక్షరం, ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, వస్తువు, మోడల్ వస్తాయి. ఒక్కోసారి నంబరు నిజమే ఉంటుంది, కానీ అది ఎక్కడిదో ఇంకేదో వస్తువుది! పేరూ మోడలూ కూడా కలవాలి. మూడోది వెనక వాట్-అవర్ అంకె. అది ముద్రించనిది విమానాశ్రయంలో ఎలాగూ గొడవే.

అదే వీధిలో మంచి సరుకూ ఉంది. బిల్లు రాసిచ్చే కొట్లో, సీల్ ఉన్న డబ్బా తీసుకోండి, సరిపోతుంది.

కేబుల్‌కి ఆరొందలు ఎందుకు? వందరూపాయలదీ అదే సీ-టు-సీ కదా?

చూడ్డానికి ఒకటే. మామూలు సీ-టు-సీ కేబుల్ 3 ఆంప్‌ల దాకా, అంటే 60 వాట్ల దాకా. 5 ఆంప్‌లు పోవాలంటే కొనలో చిన్న గుర్తింపు చిప్ ఉండాలి, అప్పుడే 100 లేదా 240 వాట్లు. చిప్ లేకపోతే ఛార్జర్ ఎంత పెద్దదైనా 60 దగ్గరే ఆగుతుంది. ఫోన్‌కి మాత్రమే అయితే 60 వాట్ల కేబుల్ పుష్కలం. శాంసంగ్ 45 వాట్ ఫోన్లు మినహాయింపు, వాటికి 5 ఆంప్‌ల కేబుల్ కావాలి. సొంత పద్ధతిలో ఎక్కే ఫోన్లకి, పైన చెప్పినట్టు, వాటి కేబులే.

మినీ ఫ్యాన్, ట్రిమ్మర్ సీ-టు-సీ కేబుల్‌తో అసలు ఎక్కడం లేదు. వాటికి సీ పోర్టే ఉంది కదా?

చవక వస్తువుల్లో పోర్ట్ మాత్రం సీది పెట్టి, లోపల రెండు చిన్న 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు వేయడం మానేస్తారు. పైసల ఆదా! ఆ రెసిస్టర్లు కనిపిస్తేనే సీ ఛార్జర్ కరెంటు వదులుతుంది. కనిపించకపోతే అవతల ఎవరూ లేరనుకుని ఊరుకుంటుంది. వస్తువు పాడవలేదు. ఒకవైపు పాత పెద్ద యూఎస్‌బీ, ఇంకోవైపు సీ ఉన్న కేబుల్ పెడితే వెంటనే ఎక్కుతుంది, ఎందుకంటే పాత పోర్టులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. అందుకే ఛార్జర్ కొనేటప్పుడు ఒక్కటైనా పాత పోర్ట్ ఉన్నది తీసుకోండి, అలాంటి కేబుల్ ఒకటి బ్యాగులో శాశ్వతంగా ఉంచండి.

65 వాట్ గ్యాన్ (చిన్న సైజులోనే ఎక్కువ వాట్లిచ్చే రకం) ఛార్జర్‌కి ఫోన్ తగిలించగానే లాప్‌టాప్ ఛార్జింగ్ ఒక్క క్షణం ఆగుతోంది. ఎందుకు?

65 అనేది ఒకే పోర్ట్ వాడినప్పటి మాట. రెండోది తగిలించగానే ఛార్జర్ అన్నీ ఆపి, పంచుకుని, మళ్ళీ మొదలుపెడుతుంది. చాలా మోడళ్ళలో అది 45, 20గా విడిపోతుంది. మూడు పెడితే కొన్నింట్లో రెండు పోర్టులు కలిసి 15 వాట్లే పంచుకుంటాయి. లాప్‌టాప్ 65 అడిగేదైతే 100 వాట్లది కొనడమే మేలు.

## సర్దుకునేటప్పుడు

నలుగురం, మూడు రోజులు. ఏమేం పెట్టుకోవాలి?

మూడు పోర్టుల 65 వాట్ ఛార్జర్ ఒకటి, 20000 బ్యాంక్ ఒకటి లేదా 10000వి రెండు (రెండైతే గుంపు విడిపోయినప్పుడు పనికొస్తాయి), సీ-టు-సీ రెండు, పాత యూఎస్‌బీ నుంచి సీకి ఒకటి, పాత ఐఫోన్ ఉంటే దాని కేబుల్. ఒక కేబుల్ రెండు మీటర్లది ఉండాలి, ఎందుకంటే లాడ్జిలో ప్లగ్ ఎప్పుడూ మంచానికి ఆ చివరే ఉంటుంది. పాత కళ్ళజోడు డబ్బాలో కేబుళ్ళు చుట్టి పెడితే మెడ విరగవు. మరీ బిగించి చుట్టకండి. తెగేది ఎప్పుడూ పిన్ను దగ్గరి అంగుళంలోనే.

పవర్ బ్యాంక్ రాత్రి పెడితే పొద్దున్నకి నిండుతుందా?

20000 బ్యాంక్‌ని పాత 10 వాట్ ఛార్జర్‌కి పెడితే పది గంటల దాకా పడుతుంది. 18 వాట్లతో సుమారు ఆరు. పొద్దున ఆరింటికి సెంట్రల్‌లో ఉండాలంటే ముందురోజు సాయంత్రమే పెట్టేయండి. దిండు కింద, దుప్పటి మీద మాత్రం వద్దు. గచ్చు మీదో బల్ల మీదో.

## రైలు, బస్సు, కారు

రైల్లో ప్లగ్ దగ్గర 110 వోల్ట్ అని రాసి ఉంది. ఛార్జర్ కాలిపోతుందా?

కాలదు. ఛార్జర్ మీద ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు’ అని ఉంటే రెండింటికీ అదే సర్దుకుంటుంది. ఫోన్, లాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివి రైల్లో పెట్టడం నిషేధం కూడా, ప్రమాదం కూడా.

అసలు చిక్కు సాకెట్‌ది. వాడి వాడి వదులైపోయి ఉంటాయి. గ్యాన్ ఛార్జర్ బరువుకి ముందుకు వాలి, కుదుపుకో నిప్పురవ్వ వస్తుంది, ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది. అలా కనిపిస్తే దాన్ని వదిలేసి, తేలికైన చిన్న ఛార్జర్ పెట్టండి, లేదా పక్క సాకెట్ చూడండి. కాగితం మడతలు దోపి బిగించడం చాలామంది చేసే పనే. కానీ రవ్వలొచ్చే చోట కాగితం ఏమిటి?

రాత్రి రైల్లో ఛార్జింగ్ ఆగిపోతుందట, నిజమేనా?

అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపాలని రైల్వే 2021లో నిర్ణయించింది. అన్ని బండ్లలో ఒకేలా జరగదు. కాబట్టి రాత్రి బండి ఎక్కితే పదిన్నరకల్లా ఫోన్ నింపుకోండి. అలారం పెట్టుకుని దిగాల్సిన స్టేషన్ అయితే ఇది మరీ ముఖ్యం.

బస్సు సీటు పక్కన యూఎస్‌బీ పాయింట్ వాడితే డేటా దొంగిలిస్తారట?

ఫోన్ దానంతట అది డేటా ఇవ్వదు, ‘అనుమతించాలా?’ అని అడుగుతుంది. ‘ఛార్జింగ్ మాత్రమే’ ఎంచుకుని, స్క్రీన్ లాక్‌లో ఉంచితే భయపడాల్సింది చాలా తక్కువ. అయినా అనుమానం ఉంటే సొంత పవర్ బ్యాంక్‌ని ఆ పాయింట్‌కి పెట్టి, ఫోన్‌ని పవర్ బ్యాంక్ నుంచి తర్వాత ఎక్కించుకోండి. బస్సుల్లో నిజమైన సమస్య దొంగతనం కన్నా నీరసం: చాలా పాయింట్లు 5 వోల్టుల దగ్గర ఒకటో రెండో ఆంప్‌లే ఇస్తాయి. మాధవరంలో ఎక్కి నెల్లూరులో దిగేలోపు, మ్యాప్ ఆన్‌లో ఉంటే, శాతం పెరగకపోగా తగ్గినా ఆశ్చర్యం లేదు.

కారులో సిగరెట్ లైటర్ పాయింట్‌కి ఇన్వర్టర్ పెట్టి లాప్‌టాప్ నడపొచ్చా?

అక్కర్లేదు. 12 వోల్టుల్ని 230కి పెంచి, ఛార్జర్ మళ్ళీ 20కి దించడం శుద్ధ దండగ. 65 వాట్ పీడీ కార్ ఛార్జర్ నేరుగా ఇస్తుంది. ఆ పాయింట్ మూత మీద చాలా కార్లలో 120 వాట్లు అని హద్దు రాసి ఉంటుంది. దాటితే ఫ్యూజ్ పోతుంది, దాంతో దారిలో అన్ని ఫోన్లూ పస్తే. ఇంజిన్ ఆపాక కూడా కరెంటు వచ్చే రకం కార్లలో ఛార్జర్ పీకేసి దిగండి.

## విమానం

ఎంత పవర్ బ్యాంక్ దాకా తీసుకెళ్ళనిస్తారు?

ఎంఏహెచ్ కాదు, వాట్-అవర్ చూస్తారు. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 10000 అంటే 37, 20000 అంటే 74, 27000 అంటే 99.9. 100 దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ ముందే ఒప్పుకోవాలి, అదీ రెండుకి మించకూడదు. 160 దాటితే లేదు. 30000 అంటే 111, కాబట్టి కౌంటర్ దగ్గర వాదన ఖాయం. విమానం ఎక్కేవాళ్ళు 20000 దగ్గర ఆగడం తెలివైన పని.

ఎన్ని, ఎక్కడ పెట్టాలి అన్నది ఎయిర్‌లైన్‌ని బట్టి ఇంకా బిగుస్తోంది. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్కటే అంటోంది. చైనాలో దేశీయ విమానాలకి 2025 జూన్ 28 నుంచి ఆ దేశపు 3సీ భద్రతా గుర్తు లేని పవర్ బ్యాంక్ ఎక్కనివ్వడం లేదు. టికెట్ తీసుకున్నాక ఆ ఎయిర్‌లైన్ పేజీ ఒకసారి చూడండి.

పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

స్కానర్‌కి తెలుస్తుంది. మీ పెట్టెను పక్కకు తీస్తారు, మిమ్మల్ని పిలిపించి తెరిపిస్తారు, ఈలోపు బోర్డింగ్ టైము దగ్గరపడుతుంది. నియమం వెనక కారణం సులువు: క్యాబిన్‌లో పొగ వస్తే సిబ్బంది చూసి ఆర్పగలరు, కింద సామాన్ల గదిలో ఎవరూ ఉండరు. విడి కెమెరా బ్యాటరీలు కూడా చేతిసంచిలోనే, కొనల మీద టేప్ వేసి లేదా దేని కవర్‌లో దాన్ని పెట్టి. తాళాలు, చిల్లర నాణేలు తగిలితే షార్ట్ అవుతుంది.

సీట్లో కూర్చుని పవర్ బ్యాంక్‌తో ఫోన్ ఛార్జ్ చేసుకోవచ్చా?

2025 నుంచి చాలా ఎయిర్‌లైన్లు వద్దంటున్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, ఎమిరేట్స్ కూడా ఒప్పుకోదు. ఎక్కేముందే ఫోన్ నింపుకోండి. బ్యాంక్ పై అరలో కాకుండా సీటు ముందు జేబులోనో కాళ్ళ దగ్గరి సంచిలోనో ఉంచండి. సీటు సందులో ఫోన్ జారిపోతే సీటు కదపకుండా సిబ్బందిని పిలవండి. నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది.

## లాడ్జి, తిరుమల, పరాయి దేశం

లాడ్జిలో లాప్‌టాప్ ముట్టుకుంటే చేతికి సన్నగా జుమ్ముమంటోంది. షాకా?

ఛార్జర్ లోపల ఒక చిన్న కెపాసిటర్ నుంచి లీకయ్యే అతి చిన్న కరెంటు అది. ఎర్త్ ఉంటే అటు పోతుంది, లేకపోతే మెటల్ బాడీ మీదికి వస్తుంది. వేలి వెనకవైపుతో మెల్లగా రాస్తే గరుకుగా వణికినట్టు తెలుస్తుంది. రెండు పిన్నుల ఛార్జర్‌తోనూ, ఎర్త్ లేని సాకెట్‌తోనూ ఇది మామూలే, మామూలు ఛార్జర్ అయితే ప్రమాదం లేదు. కానీ చెయ్యి వెనక్కి లాక్కునేలా కొడితే అది వేరే సంగతి, వెంటనే స్విచ్ ఆపి ప్లగ్ పీకండి. మూడు పిన్నుల ఛార్జర్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో దూర్చే అలవాటు మానితే సగం జుమ్ముమనడం తగ్గుతుంది.

తిరుమల వెళ్తున్నాం. ఫోన్, పవర్ బ్యాంక్ ఏం చేయాలి?

దర్శనం క్యూలోకి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు రానివ్వరు. డిపాజిట్ కౌంటర్‌లో ఇవ్వాలి. ఇచ్చేముందు ఫోన్ పూర్తిగా స్విచ్ ఆఫ్ చేయండి, పవర్ బ్యాంక్ కేబుల్ పీకేయండి. ఛార్జ్ అవుతూ సంచిలో సంచుల కింద గంటల తరబడి ఉంటే వేడెక్కుతుంది. టోకెన్ ఫోటో ఫోన్‌లో ఉంటే లాభం లేదు, ఫోనే లోపలుంది కదా! ఇంట్లోవాళ్ళు విడిపోతే కలుసుకునే చోటు ముందే మాట్లాడుకోండి, నంబర్లు కాగితం మీద రాసుకోండి.

సింగపూర్, దుబాయ్, అమెరికా... ఒక్క యూనివర్సల్ అడాప్టర్ చాలా?

పిన్ను ఆకారానికి చాలు. సింగపూర్, మలేషియా, దుబాయ్, బ్రిటన్‌లలో మూడు చదునైన పిన్నులు. అమెరికా, జపాన్‌లలో రెండు చదునైనవి. ఆస్ట్రేలియాలో ఏటవాలు పిన్నులు. యూరప్‌లో చాలాచోట్ల మన సన్న రెండు పిన్నుల ఛార్జర్ నేరుగా పడుతుంది.

కానీ అడాప్టర్ వోల్టేజీ మార్చదు. అమెరికాలో 120, జపాన్‌లో 100. మన 230 వోల్టుల మిక్సీ, హెయిర్ డ్రయ్యర్ అక్కడ పనికిరావు. అమ్మగారి చట్నీ కోసం మిక్సీ మోసుకెళ్ళేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. అక్కడి నుంచి 120 వోల్టుల వస్తువు తెచ్చి ఇక్కడ పెడితే ఇంకా ఘోరం, క్షణంలో కాలిపోతుంది.

## ఎండ, వాన, సముద్రం

మే నెలలో కారులో పవర్ బ్యాంక్ వదిలేసి గుడికి వెళ్ళొచ్చా?

కత్తిరి ఎండల్లో అద్దాలు మూసిన కారులో డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. లిథియం సెల్ ఛార్జ్ ఎక్కించడానికి హద్దు మామూలుగా 45 డిగ్రీలు. దానికి పైన ఉన్న ప్రతి గంటా ఆయుష్షు తింటుంది. సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్ళండి. అద్దానికి అతికించిన ఫోన్ ఎండలో మ్యాప్ చూపిస్తూ ఛార్జ్ కూడా అవుతుంటే ‘వేడెక్కింది’ అని ఆపేస్తుంది. ఏసీ గాలి తగిలే చోట హోల్డర్ పెడితే ఆ బాధ ఉండదు.

ఏసీ గదిలోంచి బయటికి రాగానే కెమెరా లెన్స్ మీద మంచు పడుతోంది. పాడవుతుందా?

చల్లటి గాజు మీద మన ఊరి తేమ గాలి పేరుకోవడం అది. తుడవకండి, లెన్స్ మార్చకండి, తడి లోపలికి పోతుంది. బయల్దేరేటప్పుడు జిప్ కవర్‌లో పెట్టి బిగించి, బయట 20 నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచాక తీయండి. తేమ కవర్ మీద పేరుకుంటుంది.

మహాబలిపురంలో ఫోన్ అలలో తడిసింది. ఐపీ68 ఉంది కదా, పర్వాలేదా?

ఐపీ68 అంటే నీళ్ళు తట్టుకునే రేటింగ్, ఆ పరీక్ష మంచినీళ్ళతో చేసేది. ఉప్పునీరు పోర్టులో ఎండితే ఉప్పు మిగులుతుంది. దాని మీద ఛార్జర్ పెట్టారో, కరెంటు పారి పిన్నులు నల్లగానో పచ్చగానో తుప్పు పడతాయి. ఐపీ68 ఉన్న ఫోనైతే, పగుళ్ళేమీ లేకపోతే, మంచినీళ్ళు మెల్లగా పోసి కడిగి, పోర్ట్ కిందికి ఉండేలా పట్టి అరచేతికి తట్టి, ఫ్యాన్ గాలికి ఒకరోజు ఉంచండి. ఐపీ రేటింగ్ లేనిదైతే కడగొద్దు, స్విచ్ ఆఫ్ చేసి రిపేరు దుకాణానికి ఇవ్వండి.

బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల పిండి, నూక పోర్టులోకి పోతాయి తప్ప లాభం లేదు. ఆపిల్ కూడా వద్దనే చెబుతోంది. ఇసుక దూరితే గుండుసూది పెట్టకండి. పొడి మెత్తటి బ్రష్, లేదా చెక్క పుల్ల.

## తిరిగొచ్చాక

పవర్ బ్యాంక్ కొంచెం ఉబ్బింది, కానీ పనిచేస్తోంది. ఇంకొన్నాళ్ళు వాడొచ్చా?

ఒక్కరోజు కూడా వద్దు. బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కితే ఊగుతోందంటే లోపల గ్యాస్ పుట్టినట్టే. ఛార్జ్ పెట్టకండి, గుచ్చకండి, గట్టిగా నొక్కి అమర్చకండి. గాలి ఆడే చోట, మట్టి కుండలోనో ఇసుక ఉన్న డబ్బాలోనో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ‘బ్యాటరీ ఉబ్బింది’ అని చెప్పి మరీ ఇవ్వండి. మామూలు చెత్తలో వేస్తే లారీలో నలిగినప్పుడు మంట లేస్తుంది.

మళ్ళీ ప్రయాణం ఆరు నెలల తర్వాతే. ఎలా దాచాలి?

నిండుగా కాదు, ఖాళీగా కాదు, సగం దగ్గర. నాలుగు లైట్లుంటే రెండు వెలిగేలా. మూడు నెలలకోసారి చూసి, ఒక లైటుకి దిగితే కాస్త ఎక్కించండి. వంటింటి అలమరా, కిటికీ గట్టు వద్దు. బీరువాలో చీరల పక్కన కాకుండా వేరే అరలో పెట్టండి.